మాత్ర వేసుకుంటున్నా బరువు ఎందుకు ఆగిపోతుంది?

బరువు తగ్గడానికి మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో అంతా హుషారుగానే ఉంటుంది. జాకెట్లు వదులవుతాయి, బెల్టుకు కొత్త బొక్క పడుతుంది, పెళ్ళిలో కనపడ్డ చుట్టాలు "ఏంటి, బాగా చిక్కావే" అంటారు. కొన్ని నెలలు తిరిగేసరికి తూకం ముల్లు ఒకచోట పాతుకుపోతుంది. తిండి అదే, మాత్ర అదే, నడక అదే. బరువు మాత్రం కదలదు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ మందుల షాపు దగ్గర కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "అన్నా, ఈ బిళ్ళలు మొదట్లో బాగానే పనిచేశాయి. ఇప్పుడు చేయట్లేదు. ఇంతకంటే పవర్‌ఫుల్‌వి ఏమైనా ఉన్నాయా?"

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. మాత్ర పనిచేయడం మానేసిందని ఒక నమ్మకం, ఇంకాస్త గట్టిది వేస్తే మళ్ళీ తగ్గుతామని రెండో నమ్మకం. ఎక్కువ సందర్భాల్లో రెండూ నిజం కావు. మాత్ర తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఒళ్ళు దానికి ఎదురు పని మొదలుపెట్టి, సరిగ్గా సమానంగా వచ్చి నిలబడుతుంది. డాక్టర్లు ప్లాటో అనేది దీన్నే.

ఒళ్ళు ఎలా ఎదురు తిరుగుతుంది

80 కిలోల మనిషి 72కి వచ్చాడంటే ఎనిమిది కిలోల బరువు మోసే పని తగ్గింది. కూర్చున్నా, నడిచినా, నిద్రపోతున్నా ఒంటికి అయ్యే ఖర్చు తగ్గుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్, ఆయన బృందం దీన్ని ఏళ్ళ తరబడి లెక్కగట్టారు. తగ్గిన ప్రతి కిలోకూ రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది. అంతకంటే పెద్ద సంగతి ఆకలి. తగ్గిన ప్రతి కిలోకూ ఆకలి రోజుకు దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుంది. ఎనిమిది కిలోలు తగ్గిన మనిషికి ఖర్చు 200 తగ్గి, ఆకలి 800 పెరిగిందన్న మాట. ఆ ఆకలి కడుపు మాడినట్టు తెలియదు. మారు వడ్డించుకునేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా ఆగుతుంది, అంతే.

ఈ లెక్క ఎలా తేలిందో తెలిస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. షుగర్ మందుల్లో కెనాగ్లిఫ్లోజిన్ అని ఒకటి ఉంది. అది రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది. దాన్ని ఏడాదిపాటు వాడినవాళ్ళకు రోజుకు 350 కేలరీలకు పైగా మూత్రంలో పోయాయి. అలా పోతున్నట్టు వాళ్ళకు తెలియను కూడా తెలియదు. డైట్ చేయమని గట్టిగా చెప్పిన వాళ్ళూ లేరు. లెక్క ప్రకారం బరువు తగ్గుతూనే పోవాలి. కానీ దాదాపు నాలుగు కిలోల దగ్గర ఆగిపోయింది. మందు ఏడాదంతా పనిచేస్తూనే ఉంది. ఒళ్ళు కూడా ఏడాదంతా తిండి పెంచుకుంటూ ఆ లోటు పూడ్చుకుంది. ఈ విశ్లేషణ 2016లో వచ్చింది.

ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రోజుల తరబడి 12 అడుగుల దగ్గర నిలిచి ఉంటే, కృష్ణలోకి నీళ్ళు రావడం ఆగిపోయిందని ఎవరూ అనుకోరు. ఎగువ నుంచి వచ్చేదీ, గేట్లు, కాలువల గుండా వెళ్ళేదీ సమానమైందని అర్థం. బరువు ఆగడమూ అలాంటిదే.

కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వస్తుంది. కొవ్వు తగ్గితే అదీ తగ్గుతుంది, వెంటనే మెదడు దాన్ని కరువు కింద తీసుకుంటుంది. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు చూపించింది ఏమిటంటే, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. అందుకే బరువు ఆగినవాళ్ళని "నీకు కంట్రోల్ లేదు" అని ఇంట్లోవాళ్ళు తిట్టడం చూస్తే బాధేస్తుంది. ఆ మనిషి రోజూ పోరాడుతున్నది తన ఒంటితోనే. ఆ మాట ఆ మనిషికి ఎవరూ చెప్పరు.

అసలు ఆగిందా, ఆగినట్టు కనపడుతోందా

రెండు వారాలు ముల్లు కదలకపోతే దాన్ని ప్లాటో అనకూడదు. మొదటి వారంలో మూడు కిలోలు తగ్గాయని సంబరపడ్డారు కదా, అందులో చాలా భాగం నీళ్ళే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళను పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ముందు కరిగేది అదే. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. మొదటి వారం వేగం చూసి ప్రతి వారం అంతే తగ్గాలని ఆశించడం వల్లే సగం టెన్షన్ వస్తుంది.

ఉప్పు కూడా మోసం చేస్తుంది. కొత్త ఆవకాయ జాడీ తెరిచిన వారంలో, బయట బిర్యానీ తిన్న మర్నాడు, నెలసరికి ముందు నాలుగు రోజుల్లో, మలబద్ధకం ఉన్నప్పుడు కిలో అటూ ఇటూ కావడం మామూలే. లోపల కొవ్వు తగ్గుతున్నా పైన నీరు దాన్ని కప్పేస్తుంది. రోజూ పొద్దున్నే టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి, వారానికి సగటు తీయండి. నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. నాలుగు వారాల సగటూ, నడుము కొలతా రెండూ కదలకపోతే అప్పుడు నిజంగా ఆగినట్టు.

ఎన్నో నెలలో ఆగిందన్నది కూడా చూడాలి. డైట్‌తోనూ, తిన్న కొవ్వు పట్టకుండా చేసే ఆర్లిస్టాట్ లాంటి మాత్రతోనూ తగ్గేవాళ్ళకు ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో ఆగడం ఎదురుచూడాల్సిందే. ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ వాడేవాళ్ళకు ఏడాది దాటాక ఆగుతుంది. ఆరో వారంలోనే ఆగిపోతే అది ఒంటి ఎదురుదాడి కాకపోవచ్చు, మాత్ర వేసుకునే పద్ధతిలోనో, కంచంలోనో ఏదో తేడా ఉంది.

మీరు వేసుకుంటున్నది ఏ మాత్ర?

"బరువు తగ్గే టాబ్లెట్" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఒక్కో మాత్ర పని ఒక్కో రకం. అందుకే ఆగిపోయే కారణమూ ఒక్కోటి.

మన షాపుల్లో ఎక్కువగా కనపడేది ఆర్లిస్టాట్. అది ఆకలిని ముట్టుకోదు. పేగుల్లో కొవ్వును అరిగించే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. 120 మిల్లీగ్రాముల మాత్ర భోజనంతో పాటు మూడు పూటలా వేసుకుంటే, తిన్న కొవ్వులో సుమారు 30 శాతం ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. రోజుకు 60 గ్రాముల కొవ్వు తినే మనిషికి 18 గ్రాములు పోయాయనుకుంటే, గ్రాముకు తొమ్మిది చొప్పున 162 కేలరీలు. ఎనిమిది కిలోలు తగ్గిన మనిషికి ఒంటి ఖర్చులో పడిపోయిన 200తో దీన్ని పోల్చి చూడండి. మాత్ర ఇచ్చే సాయం మొత్తం అక్కడే సరిపోయింది.

ఇంకో సంగతి. ఈ మాత్రకు అన్నంతో పనిలేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో సగటున 62 శాతం కేలరీలు పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం రెండుసార్లు అన్నం, రాత్రి మళ్ళీ అన్నమో చపాతీయో తినే కృష్ణా, గుంటూరు జిల్లాల ఇంట్లో ఆర్లిస్టాట్ అడ్డుకోగలిగింది కంచంలో చిన్న వాటానే. వండిన తెల్లన్నం 100 గ్రాములకు 130 కేలరీలు. ఆ లెక్క మాత్ర పరిధిలోకి రాదు. మోతాదు పెంచితే? 120 మిల్లీగ్రాములు మూడు పూటలకు మించి వేసుకున్నా అదనంగా ఒరిగేదేమీ లేదని మందు వివరాల కాగితం మీదే ఉంటుంది.

కొవ్వు ఎక్కువ తింటే మాత్ర ఊరుకోదు. జిడ్డు విరేచనాలు, బట్టల్లో మరకలు, ఆపుకోలేని తొందర. పిండి పదార్థాలు మానేసి కొబ్బరినూనె మీద నడిచే వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ విజయవాడ నుంచి ఊరూరా పాకింది. ఆ తరహా డైట్ చేస్తూ ఆర్లిస్టాట్ కూడా వేసుకోవడం పొసగదు. ఒకటి కొవ్వు తినమంటుంది, ఇంకొకటి తిన్న కొవ్వును బయటికి తోస్తుంది. షుగర్‌కి కెనాగ్లిఫ్లోజిన్ లాంటి, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులు వాడుతున్నవాళ్ళు పిండి పదార్థాలు ఒక్కసారిగా మానేస్తే, కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుని ప్రాణం మీదకు రావచ్చు. షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా ఇది జరగొచ్చు. డాక్టర్‌తో మాట్లాడకుండా ఆ రెండూ కలపకండి.

ఆర్లిస్టాట్ వాడేవాళ్ళకు ఎ, డి, ఇ, కె విటమిన్లు సరిగా అందవు. మల్టీవిటమిన్ రాత్రి పడుకునేముందు వేసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు రెండింటి మధ్య నాలుగు గంటలైనా ఎడం పెట్టాలి. ఇక్కడే ఒక ముడి ఉంది. రెండూ దగ్గర దగ్గరగా వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు, థైరాయిడ్ మందగిస్తుంది, బరువు ఆగుతుంది. మనిషి మాత్రం "ఆర్లిస్టాట్ పనిచేయట్లేదు" అనుకుంటుంది. బరువు ఆగిందనగానే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష ఒకసారి చేయించుకోమనేది అందుకే.

రెండో రకం సెమాగ్లుటైడ్ మాత్ర, రైబెల్సస్ పేరుతో దొరుకుతుంది. ఇది ఆకలి మీద పనిచేస్తుంది. మన దేశంలో ఈ మాత్రను షుగర్ కోసం తెచ్చారు, డాక్టర్లు కొందరికి బరువు కోసమూ రాస్తున్నారు. దీన్ని వేసుకునే పద్ధతి తప్పితే మాత్ర దండగ. నిద్ర లేవగానే పరగడుపున, సగం గ్లాసుకు మించకుండా మంచినీళ్ళతో మింగి, అరగంట వరకు ఇంకేమీ ముట్టకూడదు. మన ఇళ్ళలో ఆ అరగంట గడవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. లేవగానే ఫిల్టర్ కాఫీ, దానితో పాటే బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర, ఇదీ ఒకే గుక్కలో. అలా వేసుకుంటే ఒంట్లోకి చేరేది బహు తక్కువ. పైగా 3 మిల్లీగ్రాముల మాత్ర ఒంటికి అలవాటు చేయడానికి ఇచ్చేది మాత్రమే. మొదటి నెల చీటీనే చూపించి అదే మాత్ర నెలల తరబడి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ బరువు ఆగిందనడం కంటే వైద్యం మొదలే కాలేదనడం సరైనది. గర్భం కోసం చూస్తున్నవాళ్ళు ఈ మందును కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

పీసీఓఎస్‌కి (ఆడవాళ్ళలో అండాశయాల సమస్య) రాసే మెట్‌ఫార్మిన్ గురించి ఒక్క ముక్క. దానితో తగ్గేది రెండు మూడు కిలోలు. అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

నూనె ప్యాకెట్ మీద తేదీ

మళ్ళీ కదలిక రావాలంటే ముందు చూడాల్సింది కంచాన్ని కాదు, వంటింటి గట్టుని. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ పటమటలోనో ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి. అన్నంలో మొదటి ముద్ద కందిపొడితో, మళ్ళీ నెయ్యి. గోంగూర పచ్చడికి తిరగమోత, వేపుడుకు రెండు గరిటెలు, ఆవకాయ పైన తేలే నూనె, సాయంత్రం నాలుగు పునుగులు. అడిగితే "నేను తినేది కొంచెమే" అంటుంది ఆ ఇంటావిడ. అబద్ధం చెప్పట్లేదు, అన్నం నిజంగానే తగ్గించింది. నూనె లెక్కలోకి రాలేదు. ఒక పెద్ద చెంచా నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, దాదాపు 125 కేలరీలు.

నూనె ప్యాకెట్ కోసిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. లీటరు ప్యాకెట్‌లో సుమారు 910 గ్రాములు ఉంటుంది. నలుగురున్న ఇంట్లో అది ఆరు రోజుల్లో అయిపోతే మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీలు తినే మనిషికి చెప్పింది రోజుకు 27 గ్రాములు. పైగా నెయ్యి, హోటల్ తిండి ఈ ప్యాకెట్‌లో లేవు. ఆరు రోజులు వచ్చే ప్యాకెట్‌ని తొమ్మిది రోజులు రప్పిస్తే మనిషికి రోజుకు 110 కేలరీలకు పైగా మిగులుతాయి. పొట్టలో ఒక్క ముద్ద తగ్గకుండానే ఇది జరుగుతుంది కాబట్టి, ఆకలి పెరిగి ఉన్న మనిషికి ఇంతకంటే తేలిక దారి ఇంకోటి నాకు కనపడదు.

రెండోది కండ. బరువు తగ్గినప్పుడు పోయేది కొవ్వొక్కటే కాదు, పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కండలాంటి భాగమే. కండ తగ్గితే ఒంటి ఖర్చు ఇంకా పడిపోతుంది. పప్పుచారు నీళ్ళు పప్పు కింద లెక్క కాదు. గట్టి పప్పు, గుడ్డు, చేప, పెరుగు, సెనగలు ప్రతి పూటా కంచంలో ఉండాలి. గుడ్డుకు ఆరు గ్రాముల ప్రొటీన్. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పిన మేరకే. వారంలో రెండు మూడు రోజులు బరువులతోనో, రబ్బరు బ్యాండుతోనో, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామంతోనో కండకు పని పెట్టాలి. విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియం చుట్టూ ఏళ్ళుగా ఒకే వేగంతో నడిచేవాళ్ళకు ఆ నడక గుండెకు మంచిదే, కండ నిలబెట్టడానికి మాత్రం అది చాలదు.

బెజవాడ ఎండలు కూడా లెక్కలోకి తీసుకోండి. ఫిబ్రవరిలో తగ్గుతూ వచ్చిన బరువు మేలో ఆగిందంటే మాత్రని అనుమానించే ముందు ఒంటి కదలికను చూడాలి. 40 డిగ్రీలు దాటిన రోజుల్లో పక్క వీధికి కూడా బండి తీస్తాం, మధ్యాహ్నమంతా ఏసీ గదిలో గడుపుతాం. నడకకు పెట్టిన అరగంట అలాగే ఉన్నా మిగతా రోజు అడుగులు సగానికి పడిపోతాయి. ఫోన్‌లో అడుగుల లెక్క చూస్తే తెలిసిపోతుంది.

వేరే జబ్బులకు వాడే మందులు కూడా బరువును పట్టి ఉంచుతాయి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు, బీపీకి, గుండె దడకు వాడే ప్రొప్రనలాల్, మనసు కుంగుబాటుకు వాడే ఎమిట్రిప్టిలిన్, మానసిక జబ్బులకు వాడే ఒలాంజపైన్, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్. వీటిలో ఏదీ సొంతంగా ఆపేయకండి. వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి డాక్టర్ బల్ల మీద పెట్టండి. కొన్నిటికి బరువు పెంచని ప్రత్యామ్నాయాలు ఉన్నాయి.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపాలి

ఆర్లిస్టాట్ విషయంలో యూరప్ నియమం స్పష్టంగా ఉంది. 12 వారాల్లో మొదటి బరువులో 5 శాతం తగ్గకపోతే ఆపేయాలి. 80 కిలోల మనిషికి అది నాలుగు కిలోలు. అంతకంటే ఎక్కువే తగ్గి, తర్వాత ఆగితే ఆ మాత్ర ఓడిపోయినట్టు కాదు. స్వీడన్‌లో 3,300 మందికి పైగా నాలుగేళ్ళు నడిచిన అధ్యయనంలో అందరికీ డైట్, వ్యాయామం చెప్పి, సగం మందికి ఆర్లిస్టాట్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మొదటి ఏడాదికి ఆర్లిస్టాట్ వాళ్ళు 10.6 కిలోలు, ఉత్తుత్తి మాత్ర వాళ్ళు 6.2 కిలోలు తగ్గారు. నాలుగేళ్ళ చివరికి ఆ తగ్గుదలలో అదే వరుసలో 5.8, 3.0 కిలోలే మిగిలాయి. మాత్ర వాటా ఎంతో, కష్టపడి చేసిన దాని వాటా ఎంతో ఆ అంకెల్లోనే ఉంది.

గట్టి మందుల విషయంలోనూ ఇంతే. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం తగ్గినవాళ్ళు, మందు ఆపిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు మళ్ళీ పెరిగారు. బరువు ఆగింది కదా అని విసుగొచ్చి మాత్ర మానేసేవాళ్ళు ఇది గమనించాలి. ముల్లు కదలకుండా పట్టి ఉంచడం కూడా ఆ మందు చేస్తున్న పనే. 5 నుంచి 10 శాతం తగ్గినా చాలు, షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్ మెరుగవుతాయి. మన భారతీయులకు బీఎంఐ (బరువును ఎత్తుతో పోల్చే కొలత) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఆ కొలతలకు దగ్గరలో ఆగినవాళ్ళు పాత పెళ్ళి ఫోటోలోని బరువు కోసం మందులు మార్చుకుంటూ పోవడం నాకు సబబుగా అనిపించదు.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నది, ఆగిన బరువును కదపడానికి పక్కింటి వాళ్ళు చెప్పిన డబ్బా కొనుక్కునే అలవాటు గురించి. బరువు తగ్గించే మందుల చరిత్ర మంచిది కాదు. ఫెన్‌ఫ్లూరమైన్ గుండె కవాటాలను పాడుచేసి 1997లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది. రిమోనబాంట్ మనసును కుంగదీసి 2008లో యూరప్‌లో ఆగింది. సిబుట్రమైన్ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని తేలి 2010లో అమెరికాలో, 2011లో మన దేశంలో ఆగిపోయింది. కానీ "హెర్బల్", "నేచురల్" అని రాసి అమ్మే గుళికల్లో అదే సిబుట్రమైన్ కలిపినట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదే పదే పట్టుకుంది. అలాంటి డబ్బా వేసుకుంటే ఆగిన బరువు నిజంగానే కదులుతుంది, దాంతో నమ్మకం కుదురుతుంది. అసలు ప్రమాదం అదే. నోరు ఎండిపోవడం, నిద్ర పట్టకపోవడం, గుండె దడ, బీపీ పెరగడం, ఇవి మూలికల లక్షణాలు కావు. గార్సీనియా అనే మొక్క సారంతో, గాఢమైన గ్రీన్ టీ గుళికలతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. థైరాయిడ్ జబ్బు లేనివాళ్ళు బరువు కోసం థైరాయిడ్ మాత్ర వేసుకుంటే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. నీరు తీసే లాసిక్స్ లాంటివి ముల్లును కిందికి దించుతాయి గానీ కరిగేది కొవ్వు కాదు, పోయేది పొటాషియం.

కళ్ళు పసుపుపచ్చగా మారినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, గుండె దడదడలాడినా, ఆగని కడుపునొప్పి వెన్నులోకి పాకినా, కీటోన్ల ముప్పు ఉన్నవాళ్ళకు వాంతులు, ఆయాసం మొదలైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఏమేం వేసుకుంటున్నారో దాచకండి. ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బా అయినా, చీటీ లేకుండా కొన్న స్ట్రిప్ అయినా వెంట తీసుకెళ్ళి డ్యూటీ డాక్టర్ చేతిలో పెట్టండి.